ఎండ పడని ఒళ్లు

మోత్కూర్ దగ్గర గొర్రెలు కాసే బీరప్ప కూతురు మల్లికకు ఎండ పడదు. పాకే వయసులోనే ముఖమంతా నల్లమచ్చలు లేచాయి. బడికి పోయే ఈడొచ్చేసరికి ముక్కు మీది పుండు కోసి తీయాల్సి వచ్చింది. అప్పటి నుంచి తల్లి భద్రమ్మ పగలు పిల్లను బయటికి పోనీయలేదు. తండ్రితో మంద వెంట పోతానని మల్లిక రోజూ ఏడ్చేది.

హైదరాబాద్ దవాఖానలో తండ్రీకూతుళ్ల చేతుల నుంచి గోరంత చర్మం తీసుకున్నారు. ల్యాబ్‌లో పెంచి చూస్తామన్నారు. అది పరీక్షే, మందు కాదని చెప్పినా భద్రమ్మ మనసు వినలేదు. బిడ్డకు నయం చేసే దారి దొరుకుతుందని ఎదురుచూసింది.

ఫలితం చెప్పడానికి ముగ్గురినీ పిలిపించింది పరిశోధన చేసిన సుస్మిత. మల్లికను వరండా నీడలో కూర్చోబెట్టి లోపలికి వెళ్లారు.

"రెండు చర్మాలకూ ఎండల ఉండే కిరణాలు తగిలించి చూసినం అక్కా. దెబ్బ తగలంగనే బీరప్పన్న చర్మంల బాగుచేసే జీన్లు మేలుకున్నయి. చానావరకు సర్దుకుంది."

"మరి మా మల్లికది?"

"జీన్లు మేలుకున్నయి. అన్నకంటే ఎక్కువనే మేలుకున్నయి."

భద్రమ్మ ముఖం వెలిగింది. "అట్లయితే జర ఆలస్యంగనన్న నయమైతది గద బిడ్డా?"

సుస్మిత తల అడ్డంగా ఊపింది. "దెబ్బతిన్న ముక్కను కత్తిరించి తీసే జీను పుట్టుకతోనే చెడిపోయింది. మిగతయి ఎంత మొత్తుకున్నా ఆ పని కాదు. దీనికి మందు లేదక్కా. మీ ఇద్దరి నుంచీ వచ్చింది. దగ్గరి చుట్టరికం పెండ్లిళ్లల ఇది ఎక్కువ."

భద్రమ్మ పెళ్లాడింది సొంత మేనమామను. ఆమె బీరప్ప ముఖం చూడలేకపోయింది.

ఇంటికొచ్చాక బీరప్పే అన్నాడు. "ఎట్ల జూసినా గంతే అయితే, ఒక్కనాడన్న మంద వెంట తోల్కపోత. పానం కొట్టుకుంటాంది దానికి."

ఇంకోరోజైతే భద్రమ్మ మీద పడి అరిచేది. ఆరోజు సరేనంది.

మరునాడు పొద్దున పిల్లకు తనే గొంగడి కప్పి పంపింది. మల్లిక నమ్మలేక నవ్వుకుంటూ గడప దాటింది. వాకిలి దాటకముందే ఎండ కళ్లలో పడి రెండు చేతులతో కళ్లు మూసుకుని కూలబడింది.

"నాయినా, కండ్లు మండుతున్నయి. గొర్లు కనవడ్తలేవు."

బీరప్ప ఎత్తుకొచ్చి లోపల దించాడు. తల్లి చెయ్యి తడిమి పట్టుకుని, "ఇంకెప్పుడు అడగనమ్మా," అంది మల్లిక.

ఇన్నేళ్లు ఆ మాట కోసమే పిల్లతో కొట్లాడిన భద్రమ్మ, పిల్ల కళ్ల మీద తడిగుడ్డ వేసింది. తర్వాత మల్లిక నిజంగానే అడగలేదు. ఎండాకాలం రాకముందే పిల్ల కంటి కింద కొత్త పుండు లేచింది. దానికి పసరు రాస్తూ, "ఏం గాదు బిడ్డా," అంటుండేది భద్రమ్మ.