ఊడని కుట్టు

నోరింగ్ కుట్టు మిషను ముందు కూర్చుని తొక్కుతూనే ఉంది. భుజం మీద నాలుగు వదులు కుట్లు, నడుము దగ్గర రెండు గట్టి వరసలు. ఖైదీ గౌను ఎక్కడ చిరగాలో అక్కడే చిరగాలి. ఈ లగూనా ప్రాంతంలో వెదురు జైలు సెట్టు వేసి అమెరికావాళ్ళు సినిమాలు తీస్తున్న ఈ మూడేళ్ళూ ఆమె పని ఇదే. తెర మీద ఆడఖైదీలు కాపలావాళ్ళ తుపాకులు లాక్కుని జైలు తగలబెడతారు. ఆలోపు వాళ్ళ గౌన్లు ఏడెనిమిదిసార్లు చిరుగుతాయి.

రేకుల మీద వాన. సహాయ దర్శకుడు ఆంబో గొడుగు ముడుస్తూ వచ్చాడు.

"అక్కా, దెలియా గౌనుకి వీపు కుట్టు కూడా వదులు చెయ్. మొత్తం ఊడి రావాలి."

"భుజం వరకే అని కదా ఆ పిల్లతో అన్నారు?"

"చెబితే ఒప్పుకోదు. చెప్పకపోతే మొహంలో నిజం పలుకుతుందని డైరెక్టరు దొరగారి మాట."

నోరింగ్ సూది పళ్ళ మధ్య పెట్టుకుంది. యాభై మూడేళ్ళ మనిషి. అనాథాశ్రమంలో సన్యాసినుల దగ్గర కుట్టు నేర్చిన నాటినుంచి ఎవరికీ ఎదురుచెప్పి ఎరగదు. మొగుడు వేరే ఊళ్ళో ఇంకో ఇల్లు పెట్టుకున్నప్పుడు కూడా అతని చొక్కాలకు గుండీలు కుట్టి మరీ పంపింది.

ఆంబో వెళ్ళాక, కాపలావాళ్ళ తోలు పటకాలు కుట్టే మైనపు దారం తీసింది. గౌను వీపున మూడు వరసలు వేసింది.

ఇరవై రెండేళ్ళ దెలియా గౌను తొడుక్కుంటూ అడిగింది. "మా అమ్మ చూస్తుందక్కా ఈ సినిమా. భుజమేగా?"

"భుజమే."

మధ్యాహ్నం కెమెరా ముందు కాపలావాడి వేషగాడు గౌను పట్టి లాగాడు. భుజం ఊడింది. వీపు ఊడలేదు. మళ్ళీ లాగాడు, ఇంకా గట్టిగా. దెలియా బురదలో మోకాళ్ళ మీద పడింది. లేచి, కథలో లేని చెంపదెబ్బ ఒకటి కొట్టింది. దొరకు ఆ దెబ్బ నచ్చింది. దాన్ని అలాగే ఉంచమన్నాడు.

ఆంబో మాత్రం విప్పిన గౌను మిషను దగ్గరికి తెచ్చి, తిరగేసి చూశాడు.

"ఇది నీ పనేనా?"

"నాదే."



"రేపట్నుంచి రాకక్కా. దొరగారికి తెలిస్తే నా ఉద్యోగం కూడా పోద్ది. రేపు వేరే దర్జీని పిలుస్తా. ఆ దెబ్బ ఉంచి, వీపు ఊడేలా ఆ సీను మళ్ళీ తీస్తారు."

నోరింగ్ తలూపింది. కత్తెర సంచిలో వేసుకుని, బయటి జోళ్ళు తొడుక్కుంది. దెలియా అప్పటికి ఇంకో సీనుకు రంగు వేయించుకుంటోంది. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పలేదు. వానలో జీపు ఎక్కి నోరింగ్ వెళ్ళిపోయింది.

మిషను కింద ఆమె రబ్బరు చెప్పులు ఉండిపోయాయి. తొక్కి తొక్కి అరిగిన కుడి చెప్పులో, బొటనవేలి చోట, నేల కనిపిస్తోంది.