మంచుచరియకు సెలవు

ఏటా ఆగస్టు నెలాఖరులో ఉబెర్లిందా ఒంటరిగా నీరేకో లోయ ఎక్కుతుంది. ఎగువన మేకల గుడిసెలో ఆమె అన్న సొఫనోర్ ఒక్కడే ఉంటాడు. భూమికి దక్షిణపు కొసన ఉన్న ఆ కొండల్లో చలికాలం పోతూ పోతూ ఉండే ఆ రోజులకి అతని దగ్గర పిండీ, టీలా కాచుకు తాగే 'మాటే' అనే ఆకూ అడుగంటుతాయి. అవి మూటగట్టుకుని, రేడియోకి రెండు బ్యాటరీలు జేబులో వేసుకుని తెల్లవారగానే బయల్దేరుతుంది. ఎండెక్కితే పైన గట్టిపడిన మంచు మెత్తబడి, మనిషి నడుం దాకా కూరుకుపోతాడు మరి. ఆరు గంటల నడక. యాభై రెండేళ్ళ మనిషికి తేలికేం కాదు. "జాగ్రత్తగా వెళ్ళిరా" అని ఆమె మొగుడు దుప్పట్లోంచి చెయ్యి కూడా బయటపెట్టకుండా చెబుతాడు. మాటసాయంలో ఆయన్ని మించినవాళ్ళు లేరు.

అయిదో గంటలో మంచుచరియ కనిపించింది. కొండ సగం దాకా జారి ఆగిపోయిన చరియ అది. పదహారేళ్ళుగా అలాగే ఉంది. దాని ముందు లేచిన మంచుపొగ లేచినట్టే ఉంది. ఆ పొగలో వేళ్ళతో సహా పెకిలిన రెండు చెట్లు తలకిందులుగా ఉన్నాయి, వాటిలో చిలకలు గూళ్ళు పెట్టుకున్నాయి. ఎండాకాలంలోనూ కరగదు. బడి పంతులు పిల్లల్ని తీసుకొచ్చి దాని బొమ్మ గీయిస్తాడు.

దాన్ని ఆపింది వీళ్ళ అమ్మ క్లొరిందా. ఆ కొండదారులు ఒక్కరు నడిచేంత ఇరుకు. ఎదురుగా బరువుతో కంచరగాడిద వచ్చినా, ఎద్దు వచ్చినా "దారివ్వు" అని అడగాలి. అడిగించుకున్నది ఆగుతుంది. దాటినవాళ్ళు వెనక్కి తిరిగి "దాటాను, ఇక నువ్వెళ్ళు" అని చెప్పాలి. ఆ మాట వినిపించేదాకా అక్కడి ఎద్దయినా అడుగు వెయ్యదు. ఆ రోజు మేకల్ని తోలుకురావలసినవాడు సొఫనోర్. అతను ఊళ్ళో పేకాటలో కూర్చుంటే తల్లి వెళ్ళింది. తిరిగొస్తుంటే చరియ విరిగింది. ఆమె చెయ్యెత్తి "దారివ్వు" అంది, అది ఆగింది. తడిసి వణుకుతూ ఇల్లు చేరడమే గగనమైపోయి, ఆ రెండో మాట చెప్పడం మరిచిపోయింది. నాలుగోనాడు జ్వరంతో పోయింది.

ఇక ఆ మాట చెప్పే హక్కు పిల్లలిద్దరిదే. కానీ సొఫనోర్, తల్లి కన్ను మూసిన రోజే ఊరొదిలి వచ్చి సరిగ్గా చరియ కింద గుడిసె వేసుకున్నాడు. కింద అన్న ఉండగా ఉబెర్లిందా ఎలా చెబుతుంది? ఏటా రమ్మంటుంది, ఏటా అతను రానంటాడు.

ఈసారి దగ్గరికొచ్చి ఆమె తలెత్తి చూసింది. చరియ వణుకుతోంది. అంచు నుంచి రాళ్ళు ఒకటొకటిగా రాలుతున్నాయి. చిలకలు ఒక్కటీ లేవు.

"ఇంకాస్త ఓపిక పట్టు తల్లీ" అని చరియకి చెప్పి గబగబా గుడిసె చేరింది.

సొఫనోర్ గుమ్మంలో కూర్చుని బూటు కుట్టుకుంటున్నాడు.

"బ్యాటరీలు తెచ్చావా?"

"తెచ్చా. మేకల్ని విప్పు, కిందికి పోదాం."

"వచ్చీ రాగానే మొదలెట్టావా?"

"నెత్తి మీద ఏముందో చూశావా అసలు? ఇవాళో రేపో పడుతుందది."

"పడదు. అమ్మ మాట మీద ఆగింది. ఈ లోకంలో అమ్మది మిగిలింది ఆ ఒక్క మాటే. దాని కింద చచ్చినా నాకు సమ్మతమే."

ఉబెర్లిందాకి ఒళ్ళు మండిపోయింది. "నీకు సమ్మతమే మహారాజా! మరి దాని సంగతి? పదహారేళ్ళుగా ఒంటికాలి మీద నిలబడింది పాపం. అమ్మ ఏనాడైనా గాడిదని కూడా దారిలో ఊరికే నిలబెట్టిందా? చెప్పడం మరిచానని గుర్తొచ్చుంటే జ్వరంతోనే లేచి పరిగెత్తేది. అది నిలబడ్డ ప్రతి రోజూ అమ్మకి తలవంపులే. నువ్వేమో కాపలా కాస్తున్నావు!"

సొఫనోర్ చేతిలో సూది ఆగింది. చాలాసేపు పైకే చూశాడు. ఇన్నేళ్ళూ అతనికి అక్కడ అమ్మే కనిపించింది గానీ, వెళ్ళలేక ఆగిపోయినది ఇంకొకటి ఉందని తోచలేదు.

"అలిసినట్టుంది కదే?" అన్నాడు.

"ఇప్పటికి తెరిచావా కళ్ళు!"

ముప్ఫై ఒక్క మేకల్నీ విప్పారు. రేడియో, కెటిలు, రెండు దుప్పట్లు, అంతే అతని ఆస్తి. చరియ కింద నుంచి ఊపిరి బిగబట్టి నడిచి, అవతల రాతిగుట్ట ఎక్కారు.

"నువ్వు చెప్పు చెల్లీ. నాకు నోరు రాదు."

"ఆ రోజు మేకల్ని తోలాల్సింది నువ్వు. దాటానని చెప్పాల్సిందీ నువ్వే."

ఆ మాట సూటిగా తగిలింది. సొఫనోర్ టోపీ తీసి కొండవైపు తిరిగాడు.

"మా అమ్మ మరిచిపోయింది" అన్నాడు. "తప్పు ఆవిడది కాదు, నాది. నిన్ను చాలా నిలబెట్టాం." చెయ్యెత్తాడు. "దాటాం. ఇక నువ్వెళ్ళు."

కాసేపు ఏమీ కాలేదు. తర్వాత, తలమీది మోపు దించుకున్న మనిషిలా చరియ పెద్దగా నిట్టూర్చి కదిలింది. గుడిసె, దొడ్డి, కట్టెల గుట్ట, అన్నీ దాని కింద కలిసిపోయాయి. ఏటి అవతలి ఒడ్డు దాకా పోయి ఆగింది. లేచిన మంచుపొడి మేకల వీపుల మీద వాలింది.

సొఫనోర్ పసివాడిలా ఏడ్చాడు. చెల్లెలు ఆపలేదు. ఆమెకీ ఏడుపొచ్చింది గానీ, ఇద్దరూ ఏడుస్తూ కూర్చుంటే మేకలు చెదిరిపోతాయని ముక్కు చీదుకుని వాటిని అదిలించింది.

"ఏమే" అన్నాడతను కొంతసేపటికి. "అమ్మని ఎక్కడ పెట్టారో నాకింతవరకూ తెలీదు."

ఇన్నేళ్ళు వస్తూ పోతూ ఉన్నా, ఆ సంగతి ఉబెర్లిందాకి ఒక్కసారీ తట్టలేదు.

"చర్చి వెనకాల. గోడ పక్కన మూడోది" అంది. "పద అన్నా, పొద్దు గుంకకముందే చూద్దువుగాని."

సొఫనోర్ టోపీ చేత్తో పట్టుకునే మేకల వెనక దిగడం మొదలుపెట్టాడు.