నలభై నిమిషాలు

ఎడ్మండ్ కోర్టు అనే ఆవరణ చుట్టూ ఉన్నవి పన్నెండు ఇళ్లు. బుధవారం నాడు పోలీసులు పన్నెండిళ్లలోనూ కూర్చుని వెళ్లారు. పదకొండు ఇళ్లలో పదేసి నిమిషాలు. డెనీషా ఇంట్లో మాత్రం నలభై నిమిషాలు. చిక్కంతా అక్కడే వచ్చింది.

అంతకు ముందు ఆదివారం, సాయంత్రం ఐదు గంటల వేళ, ఆవరణలో కారు మూత ఎత్తి ఏదో బిగించుకుంటున్న డ్వైట్ మీద ఎవరో తుపాకి పేల్చారు. తుంటిలో గుండు దిగింది. ప్రాణం దక్కింది గానీ ఆస్పత్రి మంచం దిగడానికి ఇంకా నెల పడుతుందన్నారు. డ్వైట్ ఇంజన్‌లోకి తల దూర్చి ఉన్నాడు కాబట్టి కాల్చినవాణ్ణి చూడలేదు.

డెనీషా చూసింది. రెండున్నరేళ్ల కైరో కిటికీ తెర పట్టుకుని వేలాడుతుంటే వాణ్ణి దించబోయింది. సరిగ్గా అప్పుడే చూసింది. నెమ్మదిగా కదులుతున్న ఆకుపచ్చ కారు, దించిన అద్దం, అందులో రోడెల్ మొహం, చాచిన చెయ్యి. రోడెల్ ఎవరో కాదు. రెండు వీధుల అవతల ఉంటాడు. ఆమె పదో తరగతిలో బడి మానేసేదాకా ఒకే బస్సులో బడికెళ్లినవాడు. ఆమె కైరోని నేలమీదికి లాగేసి, వాడి మీద బోర్లా పడుకుంది. వాడు ఆట అనుకుని కిలకిలా నవ్వాడు.

ఆ రాత్రి అడిగిన పోలీసులతో, "నేను స్నానాల గదిలో ఉన్నాను" అని చెప్పింది. ఇంకేం చెప్తుంది? మొగుడూ లేడు, అమ్మా లేదు. ఆస్పత్రి బట్టలుతికే చోట దుప్పట్లు మడతపెట్టే పని. పిల్లాణ్ణి ఈ రెండు గదుల్లోనే పెంచాలి, ఈ ఆవరణలోనే ఆడించాలి. పోలీసులకు ఉప్పందించిందన్న పేరొస్తే ఇక్కడ ఒక్క పూట కూడా నిలవలేదు.

బుధవారం వచ్చిన పద్ధతి వేరు. ఈ ఊరు బార్లోటన్. ఇక్కడి పోలీసులు ఊళ్లో కాల్పులు ఆపలేక, నదికి దిగువనున్న పెద్ద ఊరి పోలీసుల్ని రెండు వారాలకు పిలిపించుకున్నారు. ఆ ఊళ్లో హత్యలు సగానికి తగ్గాయట. ఎలా తగ్గించారో పక్కన ఉండి నేర్పమని పిలిచారు. వాళ్లు నేర్పినదాంట్లో మొదటిది ఇది: తుపాకి పేలిన చోట చుట్టూ ఉన్న ప్రతి తలుపూ తట్టాలి. నోరు విప్పినా విప్పకపోయినా ప్రతి ఇంట్లోనూ పది నిమిషాలు కూర్చోవాలి, ఒక్క నిమిషం ఎక్కువా కాదు, తక్కువా కాదు. అప్పుడు ఏ ఇంటివాళ్లు చెప్పారో వీధిలో ఎవరికీ తెలియదు.

డెనీషా తలుపు తట్టినవాళ్లు ఇద్దరు. నేర్చుకునేవాడు ఈ ఊరి ఆఫీసర్ కోల్బీ, పాతికేళ్లుంటాయేమో, చెవులు ఎర్రగా ఉన్నాయి. నేర్పేది పెద్ద ఊరి సార్జెంట్ టేట్, యాభై దాటిన నల్లజాతి స్త్రీ, మోకాళ్ల నొప్పి. ఆమె సోఫాలో కూర్చోగానే "అమ్మయ్య" అంది.

కోల్బీ కాగితం తీసి తప్పు గళ్లలో రాశాడు. టేట్ చూసి, "అది ఇంటి నంబరు గడి కాదు నాయనా, మళ్లీ రాయి" అంది. మళ్లీ రాశాడు. మళ్లీ తప్పు. టేట్ కళ్లద్దాలు పెట్టుకుని పాఠం మొదలుపెట్టింది. ఏ ప్రశ్న ముందు అడగాలి, ఏది అసలు అడగకూడదు, జనం తల వంచుకుంటే ఎందుకు తొందరపెట్టకూడదు. కోల్బీ బుద్ధిగా రాసుకున్నాడు, సందేహాలడిగాడు. డెనీషా వంటింటి గుమ్మంలో నిలబడి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తన ఇంట్లో బడి ఎందుకు పెట్టారో ఆమెకు అంతుపట్టలేదు. వాళ్లు ఆమెని అడిగింది రెండే ప్రశ్నలు. ఆమె చెప్పింది ఒకే జవాబు. "స్నానాల గదిలో ఉన్నాను."

పోతూ పోతూ కోల్బీ జేబులోంచి పోలీసు నక్షత్రం స్టిక్కరు తీసి కైరో చొక్కాకి అంటించాడు. ఈ ఊరి పోలీసులకి పిల్లలు కనిపిస్తే అది అలవాటు. మిగతా ఇళ్ల పిల్లలకి ఇవ్వడానికి స్టిక్కర్లు మిగల్లేదు.

ఆ నక్షత్రంతోనే కైరో ఆవరణలోకి పరిగెత్తాడు.

మర్నాడు పొద్దున డెనీషా పనికి బయల్దేరితే, రోజూ టపా పెట్టెల పక్కన కుర్చీ వేసుకుని కూర్చునే మిస్టర్ రికెట్స్ పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"గుడ్ మార్నింగ్, మిస్టర్ రికెట్స్."

పేపరు కదల్లేదు. పేపరు వెనకనుంచి, "కబుర్లు బాగా సాగాయిట" అన్న మాట మాత్రం వచ్చింది.

"ఏం కబుర్లు?"

"నాకేం తెలుసు? పది నిమిషాల్లో నాకు వేడి టీ కూడా చల్లారదు. మీకు నలభై పట్టింది."

"వాళ్లు వాళ్లలో వాళ్లే మాట్లాడుకున్నారు!"

"ఆహా, మీ సోఫా బాగుందని వచ్చి ఉంటారు."

నాలుగో నంబరు ఇంటి కరీసా, రోజూ పగలు కైరోని చూసుకునేది, తలుపు సందులోంచే "ఇవాళ నాకు ఒంట్లో బాగాలేదు" అంది. లోపల టీవీ మోగుతోంది, కరీసా చేతిలో తింటున్న బిస్కెట్టు ఉంది. డెనీషా కైరోని చంకన ఎత్తుకుని వెనక్కి తిరిగింది. తను చెప్పలేదు. చెప్పలేదని ఎవరితో చెప్పినా, చెప్పినదానిలానే వినబడుతోంది.

అప్పుడే పైమెట్ల మీంచి మిస్ ఒడెస్సా దిగొచ్చింది. డ్వైట్ ఆమె మనవడే. డెబ్బై ఏళ్ల ముసలావిడ, రెండు చేతులతో డెనీషా మొహం పట్టుకుంది.

"దేవుడు నిన్ను చల్లగా చూడాలి, బంగారం. నాకంతా తెలిసింది."

"ఏం తెలిసింది, మిస్ ఒడెస్సా?"

"ఊళ్లో అందరూ నోరు కుట్టేసుకుంటే, ఒక్క నువ్వు... నాకు చెప్పక్కర్లేదు. నేను అడగను. పిల్లాణ్ణి ఇలా ఇవ్వు, నేను చూసుకుంటా. నువ్వు పనికి పో."

డెనీషా నోరు తెరిచింది. నేనేం చెప్పలేదు అనాలి. ఆ రెండు చేతుల మధ్య ఆ మాట అనలేకపోయింది. కైరోని అప్పగించి బస్సెక్కింది. చెప్పలేదని ఒకరు నమ్మడం లేదు. చెప్పిందని ఒకరు దీవిస్తున్నారు. రెండూ తను చెయ్యని పనికే. దుప్పట్లు మడతపెడుతుంటే అంచులు కలవలేదు, మూడుసార్లు విప్పి మడిచింది.

భోజనాల వేళ మరుగుదొడ్డిలో దూరి, కోల్బీ ఇచ్చిపోయిన కార్డు మీది నంబరుకి ఫోన్ చేసింది.

"ఆఫీసర్ కోల్బీ? నేను డెనీషా ప్రూయిట్. నిన్న మీరు బడి పెట్టారే, ఆ ఇల్లు."

"చెప్పండి, మేడమ్! ఏమైనా గుర్తొచ్చిందా?"

"గుర్తొచ్చింది. మీరు నలభై నిమిషాలు కూర్చున్నారని గుర్తొచ్చింది. నేనేం చెప్పానని?"

"మీరేం చెప్పలేదు కదా."

"ఆ మాట వచ్చి మా వాళ్లతో చెప్పండి!"

"మేం వచ్చి 'ఆవిడ ఏం చెప్పలేదు' అంటే," కోల్బీ ఆలోచిస్తున్నాడు, "ఇంకా ఎక్కువ చెప్పారనుకోరా?"

డెనీషాకి ఏడుపొచ్చింది. అతను అన్నదాంట్లో న్యాయం ఉంది, అందుకే ఇంకా ఏడుపొచ్చింది. "పిల్లాడికి నక్షత్రం కూడా అంటించావు. మెళ్లో పలకైనా కట్టాల్సింది!"

అటువైపు ఫోన్ చేతులు మారింది. సార్జెంట్ టేట్ గొంతు.

"అమ్మాయ్, తప్పు అతనిది కాదు, నాది. పదేళ్లుగా ఈ పని చేస్తున్నాను. పది నిమిషాలని వాళ్లకు పాఠం చెప్తూనే గడియారం చూడటం మర్చిపోయాను. మీ సోఫాలో కూర్చుంటే మోకాళ్లు హాయిగా అనిపించాయి కూడా, అబద్ధమెందుకు. ఇప్పుడు నన్నేం చెయ్యమంటావో చెప్పు."

ఏం చెయ్యాలో పెద్ద పోలీసు తనని అడుగుతుందని డెనీషా అనుకోలేదు. నోటికొచ్చింది అనేసింది: "అందరిళ్లలోనూ నలభై నిమిషాలు కూర్చోండి."

"పదకొండు ఇళ్లు," అని గొణిగింది టేట్. లెక్కవేసుకుంటున్నట్టుంది. "ఏడు గంటల పైనే పడుతుంది."

"పట్టనివ్వండి."

"శనివారం నేను మా ఊరికి వెళ్లిపోతాను. రేపు వస్తాం."

శుక్రవారం పొద్దున తొమ్మిదికి వచ్చారు. మొదటి తలుపు రికెట్స్‌ది. డెనీషాకి ఆ రోజు సెలవు, తెర వెనకనుంచి చూస్తూ కూర్చుంది. నలభై నిమిషాల తర్వాత కోల్బీ చెవులు ఇంకా ఎర్రబడి బయటికొచ్చాడు. రికెట్స్ అతన్ని డొమినోల ఆటలో నాలుగుసార్లు ఓడించాడని ఆవరణ అంతా వినబడేలా చెప్పుకున్నాడు. కరీసా వాళ్లచేత మంచం జరిపించింది. ఎనిమిదో నంబరు ముసలాయన తన రక్తపోటు మందులన్నీ బల్లమీద పరిచి ఏది ఎందుకో వివరించాడట. మిస్ ఒడెస్సా ఇంట్లో మొక్కజొన్న రొట్టె, ఉడికించిన ఆకుకూర పెట్టింది. టేట్ రెండోసారి కూడా వడ్డించుకుంది.

మధ్యాహ్నం అయ్యేసరికి జనం గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. "మా ఇంట్లో నిమిషం తక్కువ కూర్చున్నారు" అని ఒకరు, "మీ ఇంట్లో తిండి లేదు గదా మరి" అని ఇంకొకరు. ఎవరు ఏం చెప్పారో ఇప్పుడు ఎవరూ ఎవర్నీ అడగలేని పరిస్థితి. రికెట్స్ కైరోని పిలిచి డొమినో బిళ్ల ఒకటి చేతిలో పెట్టాడు. అది చూసి డెనీషా తెర వదిలేసి లేచింది. సరే, అయిపోయింది అనుకుంది.

నాలుగున్నరకి ఆమె తలుపు తట్టారు.

"మళ్లీ మా ఇంటికెందుకు?" అంది గొంతు తగ్గించి. "మా ఇంట్లో అయిపోయాయిగా నలభై!"

"ఇవాళ మీ ఒక్క ఇల్లు వదిలేస్తే ఎలా ఉంటుందో మీరే చెప్పండి, మేడమ్," అన్నాడు కోల్బీ.

వదిలేస్తే ఒకలా, వస్తే ఇంకోలా. ఏది ఎలా ఉంటుందో తేల్చుకోలేక పక్కకి తప్పుకుని దారిచ్చింది.

టేట్ సోఫాలో కూర్చుంది. "నువ్వేం మాట్లాడక్కర్లేదు. పిల్లాడి పని చూసుకో. మేం కూర్చుంటాం, పోతాం."

నిజంగానే ఏం అడగలేదు. కోల్బీ కాగితం తీయలేదు. టేట్ కళ్లు మూసుకుంది. పదకొండు ఇళ్లు తిరిగిన అలుపు. డెనీషా కైరోకి మాకరోనీ పెడుతూ కూర్చుంది. ఒక చెంచా, ఇంకో చెంచా. బయట ఒడెస్సా ఎవరితోనో డ్వైట్ గురించి చెప్తున్న గొంతు. కూర్చోగలుగుతున్నాడట, నిలబడలేకపోతున్నాడట.

చెప్పలేదని నిరూపించుకోడానికే కదా వీళ్లని రప్పించింది. ఇప్పుడు ఆ పన్నెండిళ్లలో ఏ ఇంట్లోంచి మాట పోయిందో ఎవడూ చెప్పలేడు. అంటే ఇప్పుడు చెప్పొచ్చు. అంటే ఇప్పుడు చెప్పకపోతే, అది భయం వల్ల కాదు. ఇంక దేనివల్ల? ఆలోచన అక్కడికొచ్చి ఆగిపోయింది. వద్దు, పిల్లాడున్నాడు. పిల్లాడున్నాడు కాబట్టే కదా. ఏ పక్కనుంచి పట్టుకున్నా అదే మాట చేతికొస్తోంది.

"రోడెల్," అంది.

తనే అన్నదా అని తనే ఉలిక్కిపడింది. కైరో నోరు తెరిచి తరువాతి చెంచా కోసం చూస్తున్నాడు.

కోల్బీ చెయ్యి జేబులోకి వెళ్లింది. "రాయకు! ఇంకా రాయకు," అంది డెనీషా. "సాక్ష్యం చెప్పడానికి కోర్టుకి రావాలా నేను?"

టేట్ కళ్లు తెరిచింది. నిద్రపోలేదేమో. "రావలసి రావచ్చు. రానక్కర్లేదని నేను అబద్ధం చెప్పను. వెంటనే కాదు. ముందు వేరే దారిలో కారు వెతుకుతాం, తుపాకి వెతుకుతాం. దొరికితే నీతో పని తగ్గుతుంది."

"దొరక్కపోతే?"

"దొరక్కపోతే నిన్ను అడుగుతాం. అప్పుడు నువ్వు కాదనచ్చు."

"నా స్థానంలో మీరుంటే?"

టేట్ కైరో వైపు చూసింది. "తెలీదమ్మా," అంది. "నేను తలుపుకి ఇవతల వైపు ఎప్పుడూ లేను."

ఆ జవాబుకి కోపగించుకోవాలో, ఆ జవాబు వల్లే ఆమెని నమ్మాలో డెనీషాకి తెలియలేదు. ఏ కారు, ఏ అద్దం, ఏ చెయ్యి, అంతా చెప్పింది. ఈసారి కోల్బీ సరైన గళ్లలో రాశాడు.

వాళ్లు వెళ్లాక రికెట్స్ కుర్చీలోంచే కేకేశాడు. "ఏమమ్మాయ్, మీ ఇంట్లో ఏం పెట్టావు వాళ్లకి?"

"ఏం పెట్టలేదు. పెద్దావిడ గుర్రు పెట్టి నిద్రపోయింది."

ఆవరణ గొల్లుమంది. డెనీషా కూడా నవ్వింది. అంత తేలిగ్గా అబద్ధం వచ్చినందుకు ఒక పక్క సిగ్గు, అబద్ధం అచ్చం నిజంలా ఉన్నందుకు ఒక పక్క హాయి.

లోపలికొచ్చి తలుపు గడియ పెట్టింది. నిమిషం నిలబడింది. మళ్లీ తీసేసింది. పగటిపూట గడియ పెట్టుకునే ఇల్లు ఎడ్మండ్ కోర్టులో ఒక్కటీ లేదు. ఉంటే అందరికీ కనిపిస్తుంది. కైరోని చంకనేసుకుని, మిగతావాళ్లలాగే వచ్చి గుమ్మంలో కూర్చుంది. తను వాణ్ణి కాపాడిందో, అపాయంలో పడేసిందో, ఎంత తిప్పి చూసినా ఆ సాయంత్రం ఆమెకి తేలలేదు.