అందరికీ ఒకే డౌటు

…అలా కాదురా మనవడా, తొందరపడకు. నేను చెప్పింది చెప్పినట్టు రాసుకో. నువ్వంటే కొత్త ప్రింటరువి, కంప్యూటరుతో మాటలు కలుపుతావు. నేను ఒక పాత జిరాక్స్ మిషన్ని. నా కడుపులోంచి ఎన్ని అక్షరాలు వెళ్ళాయో, ఒక్కటీ నాకు అంటలేదు. చదువు రాదు. చెవులు మాత్రం బాగా పనిచేస్తాయి.

ఎక్కడో సముద్రం అవతల నన్ను బిగించారట. మొదట విశాఖపట్నంలో ఒక ఆఫీసులో పెట్టారు. అక్కడ కాయితం మీద కాయితం తీయించేవాళ్ళు, కింద సంతకం ఉందా లేదా చూసేవాళ్ళు, బీరువాలో పడేసేవాళ్ళు. చదివినవాణ్ణి చూళ్ళేదు. మనుషుల మీద నాకు అప్పట్నించే అనుమానం. చదవనిదానికి ఇన్ని కాపీలెందుకురా అని.

ముసలైపోయానని అమ్మేస్తే, విజయనగరం అవతల ఈ పీజీ కాలేజీ గేటు ఎదురుగా షాపున్న అప్పన్న కొనుక్కొచ్చాడు. ఇక్కడ ఇంకో తంతు. పరీక్షలొస్తే పిల్లలు గైడు తెచ్చి "అన్నా, మైక్రో కొట్టు" అంటారు. అంటే పేజీని చీమలంత అక్షరాలకి కుదించి, చొక్కా చేతి మడతలో పట్టేలా చెయ్యాలన్నమాట.

అలాంటి చోటికి హైమవతి మేడమ్ వచ్చింది. ఎమ్మే పిల్లలకి చరిత్ర చెప్పే కొత్త లెక్చరర్. ఒక వ్యాసం అప్పన్న చేతికిచ్చి, "దీన్ని పెద్దక్షరాల్లో తియ్యండి. పక్కన ఖాళీ బాగా వదలండి" అంది.

"ఖాళీ ఎందుకమ్మా? కాయితం దండగ."

"చదువుతూ అర్థం కానిచోట పిల్లలు డౌటు రాయాలి. జవాబు వద్దు, డౌటే కావాలి."

నాకు అప్పుడే తేడా కొట్టింది. డౌటు కావాలనే టీచర్ని ఎక్కడన్నా చూశామా? అప్పన్న గొణుక్కుంటూనే తీశాడు. పిల్లలు చదవడం మొదలెడితే తన గైడ్లు ఎవడు కొంటాడు? ఇక పిల్లలైతే మరీను. టీ బల్ల మీద కూచుని, "ఒరే, తెలీదని మన చేతే రాయించి మార్కులు కోసేస్తాదిరా" అని గుసగుసలు.

మేడమ్‌కీ గండం ఉంది. "వాళ్ళు చదవరమ్మా, నోట్సు చెప్పి రాయించండి" అన్న ప్రిన్సిపాల్‌ని బతిమాలి, వారానికో చదివే పీరియడు సంపాదించింది. శనివారానికల్లా పిల్లల డౌట్లు ఆయనకి చూపించకపోతే ఆ పీరియడు పోతుంది. షాపులో నిలబడి ఎవరితోనో ఫోన్లో అంటుంటే విన్నాను.

శుక్రవారం సాయంత్రం పైడిరాజు వచ్చాడు. ఆ క్లాసు కుర్రాడే. ఊళ్ళో నూర్పులున్నాయని బస్సుకి పరుగు. ఖాళీలో పెన్సిల్‌తో ఏదో రాసిన పేజీని స్నేహితుడు గౌరీశంకర్ చేతిలో పెట్టి, "మేడమ్‌కి ఇచ్చీరా" అని వెళ్ళిపోయాడు. బస్సు కదిలిందో లేదో, గౌరీశంకర్ ఆ పేజీని నా అద్దం మీద బోర్లించాడు. "అన్నా, క్లాసందరికీ కొట్టు. పేరు కనపడకుండా చీటీ అడ్డం పెట్టు."

కొట్టాను. నా పని అదే కదా.

శనివారం మధ్యాహ్నం మేడమ్ ఆ కాయితాల కట్టతో షాపుకొచ్చింది. పిల్లలంతా టీ బల్ల మీదే ఉన్నారు.

"ఏమర్రా, అందరికీ ఒకే డౌటొచ్చిందా? చేతిరాత కూడా ఒకటేనా?"

"అందరం కలిసి చదివేం మేడమ్" అన్నాడు గౌరీశంకర్.

"అయితే ఏం రాశావో చదువు."

వాడు నీళ్ళు నములుతూ చదివాడు. "రైలొచ్చాక కరువుల్లో జనానికి తిండి అందిందని ఈ వ్యాసం రాసినాయన అంటాడు. మా ముత్తాత కాలంలో ఊళ్ళో ధాన్యమే రైలెక్కి వెళ్ళిపోయిందని మా ఇంట్లో అంటారు. ఎవరి మాట నమ్మాలి?"

తిడుతుందనుకున్నాను. "నాకూ తెలీదు" అందావిడ.

అప్పుడు భవాని అనే పిల్ల, "మా అమ్మమ్మ కూడా అదే అంటాది మేడమ్" అంది.

"ఇంట్లో అన్నవన్నీ నిజాలేటే? ఆయన లెక్కలిచ్చాడు కదా" అన్నాడు గౌరీశంకర్.

"ఏ పేజీలో? చూపించు!"

చూపించాలంటే చదవాలి కదా. ఇరుక్కుపోయాడు. వ్యాసం నా మూత మీద పరిచి అందరూ మీద పడ్డారు. నా నడుం విరిగిందనుకో. లెక్కలు దొరికాయి. భవాని ఊరుకుంటుందా? "ఇది రైల్లో ఎక్కించిన ధాన్యం లెక్కరా. ఎవరి నోట్లోకెళ్ళిందో ఎక్కడుంది?" అప్పన్న బేరాలొదిలేసి, "ఉండండి, గైడులో ఏటుందో చూస్తాను" అని తీశాడు. రైళ్ళ వల్ల లాభాలు అని వరసగా చదివాడు, ధాన్యం ఎవరు తిన్నారో ఊసే లేదు. గభాలున మూసేశాడు.

ఆ కాపీల మీదే, పైడిరాజు రాత పక్కన, ఎవరికి వాళ్ళు తమ డౌట్లు రాసిచ్చారు. మేడమ్ వాటిని ప్రిన్సిపాల్ దగ్గరికి పట్టుకెళ్ళింది. ఆయన పూర్తిగా నమ్మలేదట, పరీక్షలదాకా మాత్రం పీరియడు ఉంచాడు.

నేనూ నమ్మలేదులే. పరీక్షలొచ్చాక మళ్ళీ మైక్రో అడుగుతారేమో, ఎవరికి తెలుసు? అది చూడ్డానికి నేనుండను. అప్పన్న నన్ను పాత సామాన్లవాడికి బేరం పెట్టేశాడు.

పైడిరాజు ఇంకా ఊళ్ళోనే ఉన్నాడు. తన డౌటు ఇంత పని చేసిందని వాడికి తెలీదు. ఇదంతా అచ్చుకొట్టి గౌరీశంకర్ చేతికి అందేలా చెయ్యి. వాడు చదవకుండా మడిచి జేబులో పెట్టుకుంటాడేమో, కనిపెట్టుకుని ఉండు. వాడే ఫోన్ చేసి పైడిరాజుకి మొత్తం చదివి వినిపించాలి. ఊరు కదలకముందే, ధాన్యం రైలెక్కిన సంగతి ఇంట్లో ఎవరన్నారో, కళ్ళారా చూసిందెవరో అడిగి తెలుసుకుని రమ్మనాలి. క్లాసంతా దాని దగ్గరే ఆగుంది.