ఇరవై మూడు జతలు

కృష్ణకాంత్‌కు ఆ పొద్దు కాలు ఒక్కచోట నిలవలేదు. కొత్తకోట హైవే పక్క షాపులో బోరు మోటారుకు తీగ చుడుతూ లెక్క తప్పాడు. విప్పి మళ్ళీ చుట్టాడు, మళ్ళీ తప్పాడు. చివరికి విసుగొచ్చి షట్టరు దించేశాడు. ఇంట్లో పంచాయితీ పెట్టుకుని మోటారు బాగుచేయడం ఎంత మొనగాడి వల్లా కాదు.

సంగతేమిటంటే, పెళ్ళయ్యాక అతని భార్య స్వరూపకు మూడుసార్లు కడుపు పోయింది. స్వరూప పరాయిది కాదు, మేనమామ మారయ్య కూతురు. వాళ్ళది కుండమార్పిడి సంబంధం. ఆ ఇంటి పిల్ల ఈ ఇంటికొచ్చింది, ఈ ఇంటి పిల్ల, కృష్ణకాంత్ చెల్లెలు కౌసల్య, ఆ ఇంటి కొడుకు గోపీకృష్ణకు వెళ్ళాలి. ఇప్పుడు కృష్ణకాంత్ తల్లి శ్యామలమ్మ అడ్డం తిరిగింది. మేనరికమే కొంప ముంచిందని తేల్చింది. మేనరికంలో ఇద్దరుంటారు గదా, ఆమె లెక్కలో మాత్రం తప్పంతా కోడలిదే. కౌసల్య సంబంధం వద్దని చెప్పి, స్వరూపను "కొన్నాళ్ళు" పుట్టింటికి పంపేద్దామని ఆ మధ్యాహ్నం అన్నను పిలిపించింది. ఆ కొన్నాళ్ళు ఎన్నాళ్ళో వాడకట్టులో పిల్లలకు కూడా తెలుసు.

అసలు నిజం తెలిసినవాడు కృష్ణకాంత్ ఒక్కడే. మహబూబ్‌నగర్ దవాఖానలో ఇద్దరూ రక్తం ఇచ్చారు. స్వరూపకు జ్వరమని ఫలితం కోసం ఒంటరిగా వెళ్ళాడు. డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది.

"మనిషి ఒంట్ల క్రోమోజోములు ఇరవై మూడు జతలుంటయి. ప్రతి జతల ఒకటి తల్లి ఇచ్చింది, ఒకటి తండ్రి ఇచ్చింది. బిడ్డకు విత్తనం తయారయ్యేటప్పుడు ప్రతిదీ తన జోడును ఎతుక్కుని పక్కన నిలబడ్తది. అటెంక విడిపోయి, విత్తనానికి జతకొకటి చొప్పున పోతయి. నీకాడ రెండు వేరే వేరే జతలకెల్లి చెరొకటి, కొసలు మార్చుకున్నయి. మీ దిక్కు కుండమార్పిడి పెండ్లిళ్ళుంటయి సూడు, గట్ల. ఏదీ పోలే, అందుకే నువ్వు మంచిగున్నవు. కాని జత కూడే యాళ్ళకు ఎవలకు ఎవలు జోడో తెల్వక నాలుగు ఒక్కతాన చిక్కువడ్తయి. విడిపోయేటప్పుడు ఒక ముక్క ఎక్కువ, ఒక ముక్క తక్కువ పోతది. గసొంటి పిండం నిలవది."

"మేనరికం తోని కాదా మేడం?"

"కాదు. నీ భార్య రక్తం మంచిగున్నది. సరిగ్గ పంచుకున్న విత్తనాలు గూడ ఉంటయి, బిడ్డ పుట్టొచ్చు. ఆశ ఇడువకు. మీ చెల్లెకు గూడ ఒకసారి పరీక్ష చేయించు."

ఆ చివరి మాటే అతన్ని ఆపేసింది. నోరు విప్పితే చెల్లెలి పెళ్ళి ఏమవుతుందో, విప్పకపోతే పెళ్ళాం గడప దాటుతుంది. పోనీ అంత మంచివాడా అంటే అదీ కాదు, లోపం తనదని చెప్పుకోవడానికి సిగ్గుతో చచ్చిపోతున్నాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఇల్లు చేరేసరికి మారయ్య వచ్చి కూర్చున్నాడు. స్వరూప సంచి గోడవార ఉంది. కౌసల్య తలుపు పక్కన నిలబడి గోళ్ళు కొరుకుతోంది.

"రక్తం రక్తం కలిస్తె గింతేనట అన్నా," అంటోంది శ్యామలమ్మ. "ఒక ఇల్లు పాడైంది సాలు. నీ బిడ్డను జర తోలుకపో."

మారయ్య తల దించుకున్నాడు. సంచి అందుకోబోయాడు. కృష్ణకాంత్ వాకిట్లోకి వెళ్ళాడు, వచ్చాడు, మళ్ళీ వెళ్ళబోయి ఆగాడు.

"మామా, సంచి ఇడిసిపెట్టు. లోపం స్వరూపది కాదు, నాది," అన్నాడు. ఆ తర్వాత మాట ఆగలేదు. జతల సంగతి, చిక్కు సంగతి, చెల్లెలి పరీక్ష సంగతి, అన్నీ చెప్పేశాడు.

శ్యామలమ్మ మొహం పాలిపోయింది. "నీకెట్లొచ్చిందిరా గది?"

"నీ దిక్కు నుంచో, బాపు దిక్కు నుంచో. తెల్వదే."

కృష్ణకాంత్ కంటే ముందు శ్యామలమ్మకూ రెండుసార్లు కడుపు పోయింది. ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు.

ఇప్పుడు మారయ్యకు నడుము నిలిచింది. "గట్లయితే నా బిడ్డ గీ ఇంట్ల ఎందుకుండాలె? నడువు బిడ్డా."

"నేను గూడ పరీక్ష చేయించుకుంట," అంది కౌసల్య. "ఏమొచ్చినా గోపీ బావకు నేనే చెప్త. వద్దంటె అననీ. నా పెండ్లి పేరు మీద వదినను పంపకుండ్రి."

స్వరూప ముందుకు వచ్చింది. "అత్తమ్మ పొమ్మన్నది, నాయిన రమ్మన్నడు. నన్నైతే ఎవ్వలు అడుగలే," అంది. తర్వాత మొగుడి వైపు చూసింది.

"నేను ఉంట బావా. కాని గీ నాలుగ్గోడల నడుమ చెప్తే సరిపోదు. వాడకట్టంత నన్ను గొడ్రాలన్నరు. వాళ్ళకు ఎవలు చెప్తరు?"

కృష్ణకాంత్ వీధిలోకి చూశాడు. ఎదురింటి అరుగు మీద బిక్షమ్మ చింతపండు గింజ తీస్తోంది. ఆమె చెవిన పడితే ఊరంతా పడ్డట్టే. చెప్పులు తొడుక్కోకుండానే వీధి దాటి, ఆమె అరుగు మీద కూలబడ్డాడు.

"పెద్దమ్మా, జర నా మాట ఇను," అన్నాడు.