సలోమమ్మ చేతి నీళ్లు

రామాంజినమ్మను పక్కకు తిప్పి తడిగుడ్డతో వీపు తుడుస్తోంది సలోమమ్మ. ఎడమచేత్తో భుజాన్ని ఆనించి పట్టుకుని, కుడిచేత్తో మెడ నుంచి నడుము దాకా ఒక్క తీరుగా తుడవడం ఆమె పద్ధతి. గిన్నెడు నీళ్లతో మనిషికి స్నానం చేయించే విద్య ఆ తాలూకా ఆసుపత్రిలో ఆమెకు పట్టుబడినట్టు మరొకరికి పట్టుబడలేదు. కరువు నేర్పిన విద్య అది. జనానికి గంజి పోసిన కేంద్రాల కాలం పోయి పదేళ్లు కావస్తున్నా వాన మాత్రం ఇంకా ఊరి దారి మరిచినట్టే ఉంది. ఆసుపత్రి బావికి ఏటేటా చేంతాడు ముడి వేసి పొడిగిస్తున్నారు.

సలోమమ్మ పొట్టి మనిషి. గంజి పెట్టిన తెల్లచీర మోకాళ్ల దగ్గర నలిగి ఉంటుంది. మందునీళ్లకు నాని నాని వేళ్ల కొసలు పగిలాయి. నడుముకు చెయ్యి ఆనించకుండా లేవలేదు. అయినా వార్డులో ఆమె నడుస్తుంటే మూలిగేవాళ్లు కాసేపు మూలుగు ఆపుతారు. అది ఆమెకు తెలుసు, తెలిసి లోలోపల కాస్త మురిసిపోతుంది కూడా.

రామాంజినమ్మది సోమందేపల్లె దగ్గరి పల్లె, రైతుల ఇల్లు. కడుపులో గడ్డ బాగా ముదిరాక తీసుకొచ్చారు. పొద్దున డాక్టరమ్మ చూసి, సలోమమ్మను వరండాలోకి పిలిచి, "ఇంక మనం చేసేదేమీ లేదు. ఏమడిగితే అది ఇవ్వు," అని చెప్పి వెళ్లింది.

మంచం కాళ్ల దగ్గర రామాంజినమ్మ కూతురు ఓబులమ్మ నిలబడి ఉంది. పెళ్లీడు పిల్ల, ఎనిమిదో తరగతి దాకా చదివింది. వచ్చినప్పటి నుంచి ఆ పిల్ల చూపు సలోమమ్మ చేతుల మీదే ఉంది.

"అక్కా, ఈ పని చేస్తే మనసుకు బాగుంటాదా?"

ఇన్నేళ్లలో ఎవరూ అడగని మాట. సలోమమ్మ గుడ్డ పిండి గిన్నె అంచున వేసింది.

"నడుము నొస్తాది పాపా. కంపు కొడతాది. తిట్లు పడాల. అయినా, నొప్పికి అరిచే మనిషి మన చెయ్యి తగిలి ఊరుకుంటాది చూడు, ఆ పొద్దుకు అది చాలు."

"మా మేనమామ ఒప్పుకోడు. ఊరందరి ఎంగిలీ మైలా ఎత్తే పని మనింటి పిల్లకెందుకు అంటాండాడు."

"నువ్వేమంటావు?"

"మాపటేళకు చెప్తా."

నర్సు శిక్షణకు పంపే పిల్లల పేర్లు డాక్టరమ్మ ఆ సాయంత్రమే పంపుతుంది. ఓబులమ్మ రావాలని సలోమమ్మకు చెప్పలేనంత ఆశగా ఉంది. తనను తన నాయన యేసన్న మిషన్ బడిలో వేసి ఈ పనిలోకి పంపాడు. ఈ చుట్టుపక్కల నర్సులందరూ అలా వచ్చినవాళ్లే. పెద్దకులపు ఇంటి పిల్ల ఒక్కతె ఈ తెల్లచీర కడితే, తను ఇన్నేళ్లు పడిన చాకిరీకి ఒక గౌరవం వచ్చినట్టని ఆమె అనుకుంది.

వార్డులో కుండ ఉంది. ఆసుపత్రి ఊడ్చే తోటివాడు నింపే కుండ కాబట్టి ఓబులమ్మవాళ్లు అందులో తాగరు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి తెచ్చుకున్న నీళ్లు అయిపోయాయి.

"బజారు కొళాయి కాడికి పోయొస్తా. అమ్మను చూసుకో అక్కా."

"నేనుండాను గదా. పో."

ఆ పిల్ల వెళ్లిన కాసేపటికే రామాంజినమ్మ కళ్లు తెరిచింది. పెదవులు ఎండి తెల్లగా పొట్టు లేచాయి.

"నీళ్లు," అంది.

"పాప తెస్తాండాది అమ్మా."

ఇది సలోమమ్మకు అలవాటైన జవాబు. పనిలో చేరిన కొత్తలో ఒక పెద్దకులపు ముసలమ్మ దాహమంటే పరిగెత్తి గ్లాసు తెచ్చి నోటికి అందించింది. ముసలమ్మ గ్లాసును విదిలించి కొట్టింది. చుట్టాలు వచ్చి, మంచం కడిగితే గానీ పడుకోదన్నారు. పుండు కడగడానికి, మలం ఎత్తడానికి పనికొచ్చిన చెయ్యి నీళ్లివ్వడానికి పనికిరాలేదు. అప్పటి నుంచి ఎవరు నీళ్లడిగినా వాళ్ల మనుషులను కేకేయడం నేర్చుకుంది.

"ఏమ్మే, రవ్వన్ని నీళ్లియ్యి," అని మళ్లీ అడిగింది రామాంజినమ్మ. చెయ్యి చాపి సలోమమ్మ చీర అంచు పట్టుకుంది.

పక్కగదిలో సలోమమ్మ సొంత కూజా ఉంది. ఏమడిగితే అది ఇవ్వమన్న మాటా చెవిలో ఉంది. అయినా కాళ్లు కదల్లేదు. పోయే మనిషి ఆచారం నా చేత చెడడమెందుకు అనుకుంది. అది సగం నిజం. తక్కిన సగం ఆమెకు అప్పుడే తెలిసింది, తెలిసీ ఊరుకుంది. మీవాళ్లు విదిలించిన చెయ్యే గదా ఇది, అడుగు, ఇంకోసారి అడుగు అని లోపల ఏ మూలో ఒక చిన్న సంతోషం కదిలింది.

"వస్తాండాది అమ్మా. దావలో ఉంటాది."

చీర అంచు మెల్లగా విడిపించుకుని, పిల్ల వస్తోందేమో చూడ్డానికి వరండాలోకి పోయింది. ఎండలో దారి ఖాళీగా ఉంది. తిరిగి వచ్చేసరికి రామాంజినమ్మ అడగడం మానేసింది. నోరు కాస్త తెరుచుకుని ఉంది. సలోమమ్మ నాడి పట్టుకుని చాలాసేపు నిలబడింది. తర్వాత ఆ కళ్లు మూసింది. అంతకన్నా ముందు చేయవలసిన పని ఒక్కటే ఉండింది, దానికి ఇక వేళ లేదు.

ఓబులమ్మ ఇత్తడి ముంత రెండు చేతులా పట్టుకుని, చుక్క తొణక్కుండా నడిచి వచ్చింది. తల్లిని చూసింది. ముంతను స్టూలు మీద పెట్టి మంచం పట్టె మీద తల ఆనించింది. ఏడుపు పెద్దగా రాలేదు. తర్వాత తలెత్తింది.

"నీళ్లడిగిందా అక్కా?"

నిద్రలోనే పోయిందని చెప్తే సరిపోతుంది. ఆ అబద్ధం నాలిక మీదికి వచ్చి కూర్చుంది. పిల్లకు నెమ్మది, తనకు పిల్ల దక్కుతుంది. సలోమమ్మకు తన మీద తనకే రోత పుట్టింది.

"అడిగింది పాపా. నన్నే అడిగింది. నేను ఇయ్యలేదు."

"ఎందుకు?"

"ఆచారమని అనుకుంటి. అదొక్కటే కాదు. ఒకప్పుడు మీవాళ్లు నా చేతి నీళ్లు పారబోసినారు. ఆ కసి లోపల పెట్టుకోనుంటి. అడగనీలే అనిపించె."

ఓబులమ్మ ఆమె చేతుల వంక చూసింది, పొద్దున చూసినట్టు కాదు.

"నీతో ఒళ్లు కడిగించుకునింది గదా మాయమ్మ. నీళ్లిస్తే తాగకుండా ఉంటాదా?"



పొద్దు వాలేవేళకు మేనమామ ఆంజినప్ప బండి కట్టుకుని వచ్చాడు. రామాంజినమ్మను ఇంటి దుప్పట్లో చుట్టి బండి దాకా మోసుకుపోయారు. సలోమమ్మ కాళ్ల వైపు పట్టబోతే ఆంజినప్ప అడ్డం చెప్పలేదు. బండి కదలబోయే ముందు ఓబులమ్మ దిగి వెనక్కి వచ్చింది.

"డాక్టరమ్మతో నా పేరు చెప్పు."

ఆంజినప్ప ఏదో అనబోయి, పిల్ల ముఖం చూసి ఎద్దుల వైపు తిరిగాడు.

"నన్ను చూసినాక కూడా వస్తావా పాపా?" అంది సలోమమ్మ.

"నిన్ను చూసే వస్తాండా. నేనయితే నీళ్లిచ్చింటా."

కోపంగా అనలేదు. ఉన్న మాట చెప్పినట్టు చెప్పింది. అక్కా అనే పిలుపు మాత్రం అందులో లేదు. బండి బజారు మలుపు తిరిగేదాకా సలోమమ్మ మెట్ల మీదే నిలబడింది. కోరుకున్నది కోరుకున్నట్టే జరిగింది, ఆమెకు ఏడుపొచ్చింది.

లోపలికి వెళ్లి డాక్టరమ్మతో ఆ పేరు చెప్పింది. తర్వాత వార్డుకు వచ్చి మంచం మీది దుప్పటి తీసి పరుపు చుట్టింది. చుట్టి తిరిగేసరికి స్టూలు మీద ఇత్తడి ముంత కనిపించింది, ఎవరూ ముట్టక అంచుదాకా నీళ్లతో అట్లాగే ఉంది.