గంగరాజు వేసిన స్క్రోలింగు

రెండువేల ఆరు వానాకాలం. రాజోలు దగ్గర మూడు ఊళ్లకు కేబుల్ కనెక్షన్లిచ్చే గంగరాజు, సినిమా అడుగున చీరల కొట్టు ప్రకటనతోపాటు కొత్త వాక్యం ఒకటి పరిగెత్తించాడు: "చికెన్ తింటే చికున్‌గున్యా వస్తుంది. జాగ్రత్త!" ఎవరో ఫోన్లో చెప్పారు. పేర్లు కూడా కలిశాయి కదా అనుకున్నాడు.

వారం తిరక్కుండానే కోళ్ల కొట్టు సత్యనారాయణమ్మ అతని ఇంటిమీదికి వచ్చింది.

"ఏం గంగరాజూ! నా కొట్లో కోళ్లు ముసలివైపోతున్నాయి. చికెన్ తిని మంచం పట్టినోణ్ని నువ్వు చూసేవా?"

"అది నా మాట కాదండీ. ఎవరో చెప్పేరు, నేను వేసేను."

"ఎవరో చెబితే జనం మానలేదయ్యా. టీవీలో వచ్చిందని మానేసేరు. ఆ టీవీ నీది."

ఆ మాట గుచ్చుకుంది. అయినా తీయలేదు. తీస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని అతని బాధ.

మూడోనాటికి అతనికే జ్వరం. మోకాళ్లు పట్టేసి గోడ పట్టుకుని నడవాల్సి వచ్చింది. ఆరోగ్యకేంద్రం నర్సు జీవరత్నం వచ్చి చూసింది.

"చికున్‌గున్యాలాగే ఉందండీ. చికెన్ తిన్నారా?"

"నెల్లాళ్లయిందండీ ముట్టుకుని!" అనేసి గంగరాజు నాలుక కరుచుకున్నాడు.

జీవరత్నం పకపకా నవ్వింది. "ఇది దోమ కుడితే వస్తుందండీ. మీ ఇంట్లో నీళ్లెక్కడ నిలిచేయో చూద్దాం, పదండి."

డాబా మీద పాత డిష్షు వెల్లకిలా పడి ఉంది. దాన్నిండా వాననీళ్లు, ఆ నీళ్లనిండా గిలగిలలాడే దోమపిల్లలు. గంగరాజుకు సిగ్గేసింది. ఆ వెంటనే నవ్వూ వచ్చింది. నవ్వితే మోకాళ్లు నొప్పెట్టాయి.

ఆ సాయంత్రం సినిమా ఆపి, పెళ్లిళ్లు తీసే కెమెరా ఆ డిష్షు ముందు పెట్టించాడు.

"నేను వేసింది తప్పండీ. జబ్బు చికెన్‌తో రాదు, ఇదిగో వీటితో వస్తుంది. ఇవి మా ఇంట్లోవే!" అంటూ డిష్షు బోర్లించాడు. కొబ్బరి చిప్పల్లో, పాత టైర్లలో నీళ్లు ఉంచొద్దని జీవరత్నం చెప్పింది.

తెల్లారేసరికి దొడ్లన్నిట్లో చిప్పలు బోర్లించే చప్పుడే. "మా దోమపిల్లల్ని కూడా టీవీలో చూపించండీ" అని గిన్నెల్లో పట్టుకొచ్చినవాళ్లూ ఉన్నారు! ఆదివారం కోళ్ల కొట్టు ముందు జనం కిక్కిరిశారు. కుంటుతూ వచ్చిన గంగరాజును సత్యనారాయణమ్మ ముందుకు పిలిచి మరీ కోడిని కోసిచ్చింది.

తర్వాత ఒకాయన ఏదో పొడి డబ్బా తెచ్చి, పదిరోజుల్లో షుగరు పోతుందని టీవీలో వేయమన్నాడు.

"ఆయ్, వేస్తానండీ. ముందు మా నర్సుగారికి చూపించండి."

"ఆవిడదాకా ఎందుకులెండి," అంటూ ఆయన డబ్బా సంచిలో వేసుకుని మెట్లు దిగిపోయాడు. గంగరాజు హాయిగా నవ్వుకుని మధ్యాహ్నం సినిమా పెట్టాడు.